అంచున ఉన్న చెంచా

ఆ వీధి పిల్లలు బైండరుగారిని కోతల తాతయ్య అనేవారు. ఆయన గొప్పలు చెప్పుకునే మనిషా కాదా అన్నది వేరే సంగతి. పేరు మాత్రం కటింగ్ మిషన్ వల్లే వచ్చింది. ముందుగదిలో సగం ఆ మిషనుదే. మిగతా సగంలో బల్ల, పుస్తకాలు అదిమిపెట్టే ప్రెస్సు, జిగురు గిన్నె, అట్టల కట్టలు, వాటి మధ్య ఒక మనిషి పట్టేంత సందు. ఇంటికి ఎవరొచ్చినా ఊపిరి బిగబట్టి, పక్కవాటుగా నడిచి లోపలికి రావాల్సిందే.

"లావుపాటి చుట్టాలు మా ఇంటికి రావడం మానేశారండీ. మా ఆయన ముందుచూపు అలాంటిది," అనేది ఆయన భార్య.

ఆయనకు దేవుడి మీద ఎంత గురో, అంచు మీదా అంతే గురి. పొద్దున్నే స్నానం చేసి, దేవుడికి దణ్ణం పెట్టుకుని, చేతులు మళ్ళీ సబ్బుతో కడుక్కుని గాని కాగితం ముట్టేవాడు కాదు. మురికి అంచున్న పుస్తకాన్ని ఎవరైనా బల్ల మీద పెడితే, మాసిన చొక్కాతో పెళ్లికొచ్చిన మనిషిని చూసినట్టు చూసేవాడు. కుట్టు పూర్తవగానే పుస్తకాన్ని మిషను కింద పెట్టి, చక్రం ఒక్క తిప్పు తిప్పితే, మురికంతా సన్నటి పేలికలై కింద పడేది. ఆయన కళ్ళు చల్లబడేవి.

ఆయనకు ఇంకో నియమం ఉంది. తాను కట్టే పుస్తకం చదవడు. "వండేవాడు గరిటె నాకుతూ కూర్చుంటే వడ్డించేదెవరు?" అనేవాడు. కుట్టుపని చేసే భార్య మాత్రం చదవనిదే సూదిలో దారం ఎక్కించేది కాదు. దాంతో ఇన్నేళ్ళలో కొన్ని వేల పుస్తకాలు కట్టినా ఆయన అమాయకుడిగానే మిగిలిపోయాడు. ఆవిడ అవే పుస్తకాలు కుట్టి, వకీళ్ళతో చట్టం, డాక్టర్లతో వైద్యం వాదించే స్థితికి చేరుకుంది.

ఆ గురువారం సాయంత్రం మనవరాలు ఒక బొమ్మల పుస్తకాన్ని గుండెకు హత్తుకుని వచ్చింది. దానికి ఆరేళ్ళు. తల్లి ఆసుపత్రిలో నర్సు కావడంతో, బడి అయ్యాక రాత్రి దాకా అమ్మమ్మ ఇంట్లోనే ఉంటుంది. ఇంట్లో వాగుడుకాయ. గడప దాటితే నోరు విప్పదు. హాజరు పిలిస్తే చెయ్యెత్తుతుంది గాని పలకదు.

"తాతయ్యా, ఇది కుట్టాలి. శనివారానికల్లా."

పుస్తకం పేరు 'నా చెంచా ఎక్కడ?'. కాగితాలు ఊడిపోయి, అట్ట ఒక దారిన, పేజీలు ఒక దారిన పోతున్నాయి.

"కుట్టడానికి ఏం మిగిలిందే ఇందులో!" అన్నాడు ఆయన.

"లైబ్రరీ ఆంటీ కూడా అలాగే అంది. చిత్తుకాగితాల్లో వేసేస్తానంది. ఒకటే ఉంది తాతయ్యా, ఇంకోటి లేదు. మా తాతయ్య కుడతాడని చెప్పాను. అయితే శనివారం కథ నువ్వే చదువు అంది."

కత్తిపీట దగ్గరున్న అమ్మమ్మ లేచి వచ్చింది. "ఎవరు, నువ్వా? అందరి ముందా?"

"ఊఁ. చిన్నపిల్లలకి. ఇరవైమంది వస్తారు." ఆ అంకె చెప్పేటప్పుడు దాని గొంతు కొంచెం సన్నగిల్లింది. "ఈ పుస్తకమైతే చదువుతాను. వేరేదైతే చదవను."

పెద్దవాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బడిలో పంతులమ్మ రెండేళ్ళుగా చేయలేని పని ఈ చిరుగుల పుస్తకం చేసేట్టుంది.

"శనివారం పొద్దున్నకి నీ చేతిలో ఉంటుంది," అన్నాడు తాతయ్య. "చూసి లైబ్రరీ ఆంటీ ఇది కొత్తదనుకోవాలి."

"నాకు తెలుసు. తాతయ్యకి రానిది లేదు," అంది మనవరాలు. ఆ మాటకు ఆయన ఛాతీ రెండంగుళాలు పొంగింది.

శుక్రవారం పొద్దున భార్య పన్ను పీకించుకుని వచ్చింది. చెంపలో దూది, తల చుట్టూ గుడ్డ. మర్నాటి దాకా నోరు తెరవకూడదని పళ్ళ డాక్టరు గట్టిగా చెప్పాడు, అదీ ఆవిడ ఆ డాక్టరుతోనే వైద్యం గురించి వాదం మొదలెట్టాక. వాళ్ళ కాపురం మొత్తంలో ఇల్లు అంత నిశ్శబ్దంగా ఉండటం అదే మొదలు. బైండరుగారికి లోలోపల హాయిగానే అనిపించింది. అలా అనిపించినందుకు వెంటనే లెంపలు వేసుకున్నాడు.

ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని, అలవాటు ప్రకారం పుస్తకమంతా చూసి, సగం మొహంతో నవ్వుకుంటూ కుట్టేసింది. ఎడమవైపు రెండు వాక్యాలు, కుడివైపు బొమ్మ. పన్నెండు బొమ్మలు. కుట్టి ఆయన చేతికిచ్చింది.

ఆయన అంచు చూసి ముక్కు చిట్లించాడు. పుస్తకం ఎక్కడా అంత మురిగ్గా లేదు గాని, కుడిపేజీల చివర మాత్రం ఎవరో పనిగట్టుకుని వేళ్ళు రుద్దినట్టు నల్లటి జిడ్డు. "ఛీ ఛీ, ఏం పిల్లలో! అన్నం తిన్న చేతులు ఇక్కడే తుడుచుకున్నట్టున్నారు," అనుకుంటూ పుస్తకాన్ని మిషను కింద సర్ది, అర అంగుళానికి కొలత బిగించాడు.

భార్య గబగబా వచ్చి పేజీ అంచును వేలితో తట్టి, తల అడ్డంగా ఊపింది.

"మురికనేగా? నేనూ చూశాను. అర అంగుళం తీస్తే అద్దంలా వస్తుంది."

ఆవిడ ఇంకా గట్టిగా తల ఊపి, గుప్పిట బిగించి, ఏదో పట్టుకున్నట్టు గాల్లోంచి నోటి దగ్గరికి తెచ్చింది.

"ఆకలా? అయ్యో, చెప్పవేం?" అన్నాడు ఆయన. నోరు తెరవకూడని మనిషి ఎలా చెబుతుందన్న ఆలోచన ఆయనకు రాలేదు. వంటింట్లోకి వెళ్ళి చల్లటి పాలు గ్లాసులో తెచ్చిచ్చాడు. "నెమ్మదిగా తాగు. రెండో వైపునుంచి."

ఆవిడ గ్లాసు బల్ల మీద పెట్టింది. పేజీ చూపించి, మళ్ళీ గుప్పిట నోటి దగ్గరికి తెచ్చింది.

"ఇంకో గ్లాసు తరవాత ఇస్తాలేవే. ముందు ఇది తాగు."

ఆవిడ నుదురు కొట్టుకుంది.

"పన్ను పీకిన మొహం, అలా కొట్టుకోకూడదు!"

ఆవిడ విసురుగా లోపలికి వెళ్ళింది, పెన్సిలు కోసం. ఇల్లంతా కాగితమే గాని, ఆ ఇంట్లో ఉన్న ఒకే ఒక్క పెన్సిలు ఆయన చెవి మీద ఉంది. ఆవిడ బీరువా, మందులడబ్బా, మనవరాలి పాత సంచి అన్నీ గాలించి, చివరికి తిరిగొచ్చి ఆయన చెవి మీంచే లాక్కుంది. అప్పటికే చక్రం తిరిగిపోయింది. ఆయన పేలికల్లో పైనున్నది ఒకటి తీసి, చుట్టి, హాయిగా చెవిలో తిప్పుకుంటున్నాడు. పెద్ద పని అయినప్పుడల్లా ఆయనకు అదో విలాసం.

ఆవిడ రాసి ఆయన కళ్ళ ముందు పెట్టింది. 'అంచు కొయ్యొద్దు. చెంచా అక్కడే ఉంది.'

"ఏ చెంచా?" అన్నాడు ఆయన.

ఆవిడ పుస్తకం తెరిచి ఒక్కొక్క పేజీ తిప్పింది. అప్పుడు, ఇన్నేళ్ళలో మొదటిసారి, ఆయన తాను పని చేసిన పుస్తకం చదివాడు. ఒక అమ్మాయికి వంకరపోయిన చెంచా ఒకటి ఉంటుంది. ఇంట్లో ఎన్ని చెంచాలున్నా అది లేకపోతే ముద్ద దిగదు. ఒకరోజు అది పోతుంది. ఆ అమ్మాయి మంచం కింద, అటక మీద, నాన్న చెప్పుల్లో, పిల్లి పడుకునే బుట్టలో వెతుకుతూనే ఉంటుంది. ఆ అమ్మాయికి కనబడదు. చూసే పిల్లలకే కనబడాలి. బొమ్మ చిట్టచివర, కాగితం అంచుకు ఆనుకుని, చెంచా కాడ ఇంత మాత్రం తొంగి చూస్తూ ఉండాలి.

ఇప్పుడు అక్కడ ఏమీ లేదు. తెల్లగా, నున్నగా, అద్దంలా కోత ఉంది.

ఆఖరి బొమ్మలో ఆ అమ్మాయి చెంచా దొరికిందని చెయ్యి చాపి చూపిస్తోంది. కోత మణికట్టు దగ్గర పడింది. చెయ్యీ లేదు, చెంచా లేదు.

ఆయన మెల్లగా స్టూలు మీద కూర్చున్నాడు. ఆ జిడ్డు ఏమిటో ఇప్పుడర్థమైంది. ఊళ్ళోని పిల్లలంతా 'అదిగో' అని వేలు పెట్టిన చోటది. పుస్తకం మొత్తంలో వాళ్ళు ఎక్కువ ఇష్టపడ్డ చోటు. తాను దాన్నే మురికనుకున్నాడు. రోజూ రెండుసార్లు చేతులు కడుక్కుని తాను ముట్టే శుభ్రానికీ, ఈ ఇరవై ముప్పై జిడ్డువేళ్ళకీ మధ్య, దేవుడు ఎటు మొగ్గుతాడు? ఇన్నాళ్ళూ ఈ ప్రశ్న రానందుకు ఆయనకు కొంచెం సిగ్గేసింది.

భార్య ఆయన్ని అక్కడే వదిలేసి, పేలికల గోనెసంచి నేల మీద బోర్లించింది. పొద్దుట్నుంచి కోసిన ఆఫీసు రిజిస్టర్ల అంచులన్నీ అందులోనే ఉన్నాయి. ముందుగది నిండా తెల్లటి పేలికలు పరుచుకున్నాయి.

మనవరాలు బడినుంచి వచ్చేసరికి, అమ్మమ్మా తాతయ్యా మోకాళ్ళ లోతు కాగితాల్లో కూర్చుని ఉన్నారు.

"ఏం ఆట తాతయ్యా ఇది?"

"ఆట కాదు చిట్టితల్లీ," అన్నాడు ఆయన. పుస్తకం దాని చేతికిచ్చాడు.

అది మొదటి పేజీ చూసింది. రెండోది చూసింది. గబగబా చివరిదాకా తిప్పింది.

"నువ్వు ఇది చదవలేదా?"

"లేదమ్మా."

"ఒక్కసారి కూడా?"

"ఒక్కసారి కూడా."

"మరి ఎలా కోశావు?"

అది కోపంగా అడగలేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగింది. ఆయనకు అదే ఎక్కువ తగిలింది.

పుస్తకం జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, "అయితే రేపు నేను వెళ్ళను," అంది. "చెంచా లేకపోతే వాళ్ళు అదిగో అని ఎలా అంటారు? వాళ్ళు అనకపోతే నాకు చదవడం రాదు."

"ఉండు, ఉండు. పది దొరికాయి. ఇదిగో!" ఆయన పేలికలు దాని ముందు పరిచాడు. వెతగ్గా వెతగ్గా పదకొండోది రిజిస్టరు పేలికల అడుగున బయటపడింది. పన్నెండోది లేదు.

"ఇంకోటి ఏమైంది?" అంది మనవరాలు.

అమ్మమ్మ ఆయన వంక చూసి, చిటికెనవేలు చెవిలో పెట్టుకుని గుండ్రంగా తిప్పింది.

ఈసారి ఆయనకు ఠక్కున అర్థమైంది. పుస్తకం బోర్లా పెట్టి కోశాడు గనక అన్నిటికంటే పైనున్నది ఆఖరి పేజీ. చెయ్యి, చెంచా రెండూ చుట్టి, చెవిలో తిప్పుకుని, కిటికీలోంచి వీధిలోకి విసిరేశాడు. మధ్యాహ్నమే చెత్తబండి వచ్చి వెళ్ళిపోయింది.

"చెంచాతో చెవి శుభ్రం చేసుకున్నావా తాతయ్యా?" అంది మనవరాలు కళ్ళు పెద్దవి చేసి.

"తెలీక, తల్లీ."

దాని పెదవులు వణికాయి. ఏడుస్తుందేమోనని ఆయన భయపడ్డాడు. అది ముక్కు ఎగబీల్చి, కిసుక్కున నవ్వింది. అమ్మమ్మకు నవ్వొచ్చి, నోరు తెరవకూడదు గనక చెంప పట్టుకుని గోడవైపు తిరిగింది. ఆయన ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, ఇదే అదనని ఉల్లిపొర కాగితం, జిగురు ముందుకు లాక్కున్నాడు.

అప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. పదకొండు పేలికల్లోనూ అదే బూడిదరంగు కాడ. ఏది ఏ పేజీదో తెలియాలంటే కథ తెలియాలి. అది వరసగా, కంఠతా తెలిసిన మనిషి ఇంట్లో ఒక్కతే ఉంది.

"చెప్పు తల్లీ. నువ్వు చెబితే నేను అతుకుతాను."

మొదట అది గొణిగింది. "మంచం కింద వెతికింది. లేదు."

"ఇదా?"

"కాదు, అది వంపుగా ఉంది. అది పిల్లిది."

"పిల్లి ఎక్కడ్నుంచి వచ్చింది?"

"అబ్బా! పిల్లి బుట్టలో ఉంటుంది తాతయ్యా. చెంచా దాని వెనకే ఉంటుంది. పిల్లికి తెలుసు, చెప్పదు!"

"ఎందుకు చెప్పదు?"

"పిల్లులు చెప్పవు!" అంది అది విసుగ్గా.

నాలుగో పేజీకి వచ్చేసరికి అది స్టూలెక్కి చేతులూపుతూ అరుస్తోంది. నాన్న కుర్చీలో కూర్చుంటే గుచ్చుకుని ఎగిరి లేచిన చోట ఆయన చేతిలో బ్రష్షుండగానే పకపకా నవ్వాడు. జిగురు ఒలికింది. ఆయన పట్టించుకోలేదు. "తరవాత? తరవాతేమైంది?" అన్నాడు. పదకొండు పేలికలు పదకొండు పేజీలకు అతుక్కున్నాయి. ఏ పేజీ చూసినా అతుకు గీత సన్నగా కనబడుతూనే ఉంది. ఆయన వేలితో ఒకసారి తడిమి ఊరుకున్నాడు.

ఆఖరి పేజీ మిగిలింది.

"గీసెయ్యి తాతయ్యా."

"నాకు గీయడం రాదే. దేన్నైనా కాగితం మీద పెట్టి, చుట్టూ గీత గీయడం వచ్చు. అంతే."

"అయితే అలాగే గీయి."

అమ్మమ్మ వంటింట్లోంచి చెంచా తెచ్చింది. మనవరాలు దాన్ని గుప్పిట పట్టుకుని, తెల్లకాగితం మీద చెయ్యి ఆనించింది. ఆయన చెవి మీంచి పెన్సిలు తీసి, వేళ్ళ చుట్టూ, చెంచా చుట్టూ, ఊపిరి బిగబట్టి గీశాడు. అది చక్కిలిగింతకు మెలికలు తిరిగింది. అక్కడ గీత కూడా మెలిక తిరిగింది. తీరా అతికించాక చూస్తే, బొమ్మలోని అమ్మాయి జానెడు కూడా లేదు, దాని మణికట్టుకు మాత్రం నిజంగా ఆరేళ్ళ పిల్ల చెయ్యి, అందులో అసలు చెంచా అంత చెంచా. పేజీలో పట్టక, కాగితం రెండు మడతలు పెట్టాల్సి వచ్చింది. అతుకుల పేజీలకు సరిపడా అట్టలు కోసి, గుడ్డ వేసి, పుస్తకాన్ని ప్రెస్సులో బిగించి, "స్వామీ, ఇక నీ దయ," అన్నాడు.

శనివారం పదింటికి లైబ్రరీలో చాప మీద ఇరవైమంది పిల్లలు. తాతయ్య తలుపు దగ్గర నిలబడ్డాడు. అమ్మమ్మ చెంప పట్టుకుని పక్కనే ఉంది.

మనవరాలు ఆంటీ అనే లైబ్రరీ అమ్మాయి పుస్తకం తిప్పి చూసి ఆశ్చర్యపోయింది. "ఇదేంటి మాస్టారూ, మీ చేతిలో కూడా అతుకులా?"

"అదో పెద్ద కథమ్మా."

"ఈయన చెవి కథ," అంది అమ్మమ్మ. ఆవిడకు మాట వచ్చేసింది. "తీరిగ్గా చెబుతాను."

మనవరాలు చిన్న కుర్చీలో కూర్చుని పుస్తకం తెరిచింది. మొదటి వాక్యం దాని చొక్కా గుండీకి మాత్రమే వినబడింది. రెండో వాక్యం ముందువరసకు చేరింది. మంచం బొమ్మ చూపించగానే ఒక బొద్దుపిల్లాడు లేచి, "అదిగో!" అని అరిచి వేలు పెట్టేశాడు. ఆ వేలికి ఏదో తీపి అంటుకుని ఉంది. తాతయ్య, "చేతులు..." అనబోయి నోరు కుట్టేసుకున్నాడు. పేజీ తరవాత పేజీ, "అదిగో! అదిగో!" వేళ్ళన్నీ ఆయన అతుకుల మీద. మనవరాలి గొంతు తలుపుదాకా వచ్చింది, తలుపు దాటి నడవలోకి వెళ్ళింది.

ఆఖరి పేజీ వచ్చింది. అది మడత విప్పింది. ఇంకో మడత విప్పింది.

చాప మీద అందరూ ఒక్కసారి గొల్లున నవ్వారు.

"అమ్మో, ఎంత చెయ్యో!"

"రాక్షసి చెయ్యి!"

వెనకనుంచి రెండు జడల పిల్ల లేచి, నడుమ్మీద చేతులు పెట్టుకుంది. "ఇది తప్పు బొమ్మ. ఇంత పెద్ద చెంచా ఆ అమ్మాయి నోట్లో ఎలా పడుతుంది?"

నవ్వులు ఆగిపోయాయి. ఇరవై మొహాలు మనవరాలి వైపు తిరిగాయి. దాని గడ్డం మెల్లగా ఛాతీకి ఆనింది. హాజరు పిలిచినప్పుడు ఎలా అయ్యేదో అలాగే అయిపోయింది. తాతయ్య, 'దేవుడా, గీసింది నేను, కోసింది నేను, అడిగితే నన్నడగాలి గాని దాన్నెందుకు?' అనుకున్నాడు. ఒక అడుగు ముందుకు వేయబోతే భార్య చొక్కా పట్టుకుని ఆపింది.

గడ్డం పైకి లేచింది.

"పడుతుంది," అంది మనవరాలు. "నోరు పెద్దగా తెరవాలి. ఇలా!"

అని, కొండనాలుక కనబడేట్టు నోరు తెరిచింది.

జడల పిల్ల అనుమానంగా చూసి, తనూ తెరిచింది. బొద్దుపిల్లాడు తెరిచాడు. చూస్తుండగానే చాప మీద ఇరవై నోళ్ళు బావుల్లా తెరుచుకున్నాయి. లైబ్రరీ అమ్మాయి తెరిచింది. ఎంతసేపటినుంచో గాని, తన నోరూ తెరిచే ఉందని బైండరుగారికి అప్పుడు తెలిసింది.

"మళ్ళీ!" అని ఎవరో తెరిచిన నోటితోనే అరిచారు. "మళ్ళీ మొదట్నుంచి!"

మనవరాలు రెండు మడతలూ జాగ్రత్తగా మూసి, మొదటి పేజీకి వచ్చి, చాప మీదినుంచి తలుపుదాకా అందర్నీ ఒకసారి కలయజూసింది.

"చదువుతాను. ముందు అందరూ నోళ్ళు ముయ్యండి," అంది.